కాల్ సెంటర్‌కు దేశాన్ని ఎంచుకునేది జీతం చూసి కాదు

సంపాదకులకు,

అయ్యా,

విజయవాడ, గుంటూరు ప్రాంతానికి విదేశీ కాల్ సెంటర్లు రావాలంటే ఇక్కడ జీతాలు తక్కువన్న సంగతిని గట్టిగా ప్రచారం చేసుకోవాలనీ, ఫిలిప్పీన్స్ మనకంటే చౌకగా మనుషులను ఇస్తున్నందువల్లనే వాయిస్ పని, అంటే ఫోన్‌లో మాట్లాడే పని, అటు తరలిపోతోందనీ పత్రికల జిల్లా పేజీల్లోనూ, వ్యాపార సంఘాల సమావేశాల్లోనూ తరచుగా వినిపించే వాదన గురించి ఈ లేఖ రాస్తున్నాను. హైదరాబాద్‌లో అమెరికా ఆరోగ్య బీమా కాల్స్ తీసుకునే ఫ్లోర్ మీద చాలాకాలం పనిచేసిన తర్వాత గుంటూరు వచ్చి స్థిరపడ్డాను. ఇప్పుడు అమెరికా, బ్రిటన్‌లలోని చిన్న సంస్థలకు, అందులోనూ ఎక్కువగా మన తెలుగువారు నడిపే సంస్థలకు, కస్టమర్ల ఫోన్లు ఎత్తే పనిని ఏ దేశంలో పెట్టుకుంటే మంచిదో చెప్పడం నా వృత్తి. పైన చెప్పిన వాదనలో మొదటి సగం మనకు మేలు చేయదు. రెండో సగం వాస్తవం కాదు.

మనీలాలో కాల్ సెంటర్ ఉద్యోగికి ఇచ్చే జీతం మన దేశంలో అదే పని చేసేవారి జీతం కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. అయినా 2010 ప్రాంతంలోనే వాయిస్ పనిలో ఆ దేశం మనల్ని దాటింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక కలిపితే వచ్చేంత జనాభా కూడా లేని ఆ దేశంలో ఈ రంగం మీద ఇప్పుడు పదిహేను లక్షల మందికి పైగా ఆధారపడి ఉన్నారు. జీతమే ప్రధానమైతే ఇది జరిగి ఉండకూడదు. 1996లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ ముంబైలోనూ, 1997లో జీఈ క్యాపిటల్ గుర్‌గావ్‌లోనూ ఇటువంటి కేంద్రాలు మొదలుపెట్టినప్పుడు ఇంత పెద్ద సంఖ్యలో ఇంగ్లిష్ మాట్లాడే పట్టభద్రులను ఇవ్వగల దేశం మరొకటి కనిపించలేదు కనుక, ఎంపిక అన్న మాటకే పెద్దగా అర్థం ఉండేది కాదు. ఇటువంటి పనులు పెట్టుకోవడానికి ఏ దేశం అనువైనదో చెబుతూ 2004 నుంచి కీర్నీ అనే సలహా సంస్థ ప్రకటిస్తున్న దేశాల సూచీలో మనమే ప్రథమ స్థానంలో ఉంటూ వస్తున్నామన్నది నిజమే. అయితే ఆ సూచీ సాఫ్ట్‌వేర్, అకౌంట్లు, కాల్స్ అన్నిటినీ కలిపి వేసిన లెక్క. పైగా అందులో ఖర్చుకు ఇచ్చిన బరువు మిగతా వాటికంటే ఎక్కువ. దాన్ని చూపించి వాయిస్‌లోనూ మనమే ముందున్నామని చెప్పుకోవడం సరికాదు.

ఫిలిప్పీన్స్ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 1898 నుంచి 1946 వరకు ఆ దేశం అమెరికా పాలనలో ఉంది. బడుల్లో నేర్పిన ఇంగ్లిష్ అమెరికా ఇంగ్లిష్. తేదీ రాసేటప్పుడు నెలను ముందు వేసే అలవాటు వారికి సహజం. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గానీ, ఒక దంతవైద్యశాల అపాయింట్‌మెంట్ల కాల్స్ వింటున్నప్పుడు ఆ చిన్న విషయం ఎంత నష్టం తెస్తుందో కళ్లారా చూశాను. స్క్రీన్ మీద 03/04 అని ఉంటే మన కుర్రవాడు దాన్ని ఏప్రిల్ మూడు అని చదివి చెప్పాడు. అవతల పెద్దావిడ సరేనని ఫోన్ పెట్టేసింది. అసలు అపాయింట్‌మెంట్ మార్చి నాలుగున. ఆ కుర్రవాడి ఇంగ్లిష్‌లో ఏ లోపమూ లేదు, కాల్‌ను పరీక్షించిన క్వాలిటీ విభాగం వారు కూడా మర్యాద, స్పష్టత అన్న గళ్లలో పూర్తి మార్కులే వేశారు. శిక్షణతో దీన్ని సరిదిద్దవచ్చు, సరిదిద్దాం కూడా. కానీ అటువంటివి వందలు ఉంటాయి, ప్రతిదానికీ శిక్షణ కావాలి, శిక్షణ పొందినవారు ఏడాది తిరగకముందే వేరే కంపెనీకి వెళ్లిపోతుంటే ఆ ఖర్చు మళ్లీ మొదటికి వస్తుంది. ఇక ఆరోగ్య బీమా కాల్స్‌లో ఫిలిప్పీన్స్ వారికి మరో బలం ఉంది. అక్కడ నర్సింగ్ చదివినవారు చాలామంది అమెరికాలో ఉద్యోగం కోసం ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష రాస్తారు, వారిలో కొందరు ఈ కేంద్రాల్లో చేరతారు. డిడక్టిబుల్ (బీమా కంపెనీ కంటే ముందు రోగి పెట్టుకోవలసిన మొత్తం) పూర్తికాకముందు ఆపరేషన్ చేయించుకున్న మనిషికి బిల్లు ఎందుకు వచ్చిందో చెప్పడానికి వారికి కాగితం అక్కరలేదు. మన దగ్గర ఆరోగ్యశ్రీ కార్డు చూసి పెరిగిన పిల్లలకు, జబ్బు చేసిన మనిషి ముందు తన జేబులోంచి ఇన్ని డాలర్లు పెట్టుకున్న తర్వాతే బీమా కంపెనీ చెల్లించడం మొదలుపెడుతుందన్న ఆలోచనే కొత్త.

ఇక గడియారం సంగతి. దీన్ని పట్టించుకోకుండా దేశాన్ని ఎంచుకున్నవారు తర్వాత ఎక్కువగా బాధపడటం చూస్తున్నాను. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది గంటలంటే మనకు వేసవి కాలమానంలో సాయంత్రం ఆరున్నర, శీతాకాలంలో ఏడున్నర. కాలిఫోర్నియా కస్టమర్లయితే రాత్రి తొమ్మిదిన్నరకో పదిన్నరకో మొదలై తెల్లవారే వరకు పని. మనీలాకు, న్యూయార్క్‌కు మధ్య పన్నెండు పదమూడు గంటల తేడా ఉంది కనుక వారికీ రాత్రి పనే, ఆ మాటకొస్తే మనకంటే కష్టమైన రాత్రే. కానీ సిడ్నీ కస్టమర్లను తీసుకోండి. అక్కడ ఉదయం తొమ్మిది మనకు తెల్లవారుజామున మూడున్నర లేదా నాలుగున్నర, మనీలాకు మాత్రం ఉదయం ఆరు లేదా ఏడు. ఆస్ట్రేలియా పనికి మనల్ని కాదని వారిని ఎంచుకున్న కంపెనీని తప్పుపట్టలేం. బ్రిటన్ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. లండన్ ఉదయం తొమ్మిది మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర లేదా రెండున్నర, సాయంత్రం అయిదు మనకు రాత్రి తొమ్మిదిన్నర లేదా పదిన్నర. అంటే మన పిల్లలు ఇంట్లో భోజనం చేసి వెళ్లి, రాత్రి పదకొండు పన్నెండు గంటలకల్లా ఇంటికి చేరి నిద్రపోగలరు.

రాత్రి షిఫ్టు అనగానే అందరూ ఆరోగ్యం గురించి మాట్లాడతారు, అది సరైనదే. క్యాబ్ గురించి మాట్లాడేవారు తక్కువ. గుంటూరు బ్రాడీపేట నుంచి బయలుదేరిన బండి మంగళగిరిలో ఒకరిని, తాడేపల్లిలో ఇద్దరిని ఎక్కించుకుని, వారధి దాటి, బెంజ్ సర్కిల్ మీదుగా రామవరప్పాడు రింగు చుట్టి గన్నవరం దగ్గరి కేసరపల్లికి చేరాలి. ఆడపిల్లలు ఉన్న బండిలో మొదట ఎక్కేదీ చివర దిగేదీ ఆడపిల్ల కాకుండా చూడాలి, వెంట సెక్యూరిటీ గార్డు ఉండాలి. మార్చి నెల రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు. బ్రిటన్‌లో అదే పని మార్చి చివరి ఆదివారం చేస్తారు. ఈ రెండు తేదీల మధ్య రెండు మూడు వారాల పాటు, రెండు దేశాల పనులూ ఒకే కప్పు కింద నడిపే చోట, ఒకే క్యాబ్‌లో వెళ్లే ఇద్దరికి షిఫ్టు సమయాలు కుదరవు. రవాణా చూసే ఉద్యోగి ఆ వారాలంతా కంప్యూటర్ ముందు రూట్లు మార్చుకుంటూ కూర్చుంటాడు, అక్టోబరు చివర ఒక వారం పాటు మళ్లీ అదే తంతు. విదేశీ కంపెనీకి పంపే కొటేషన్‌లో సీటుకు, అంటే ఒక ఉద్యోగి కూర్చునే చోటుకు, గంటకు ఇన్ని డాలర్లు అని ఒక్క అంకె ఉంటుంది గానీ, ఆ అంకెలో జీతం పోగా మిగిలిన దానిలో కొంత ఇటువంటి వాటికే పోతుంది.

మిగతా దేశాల గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రిటన్ పనికి ఇప్పుడు మనకు గట్టి పోటీ దక్షిణాఫ్రికా, ముఖ్యంగా కేప్‌టౌన్. లండన్‌కు, దానికి తేడా గంట నుంచి రెండు గంటలే, కనుక అది పూర్తిగా పగటి పని. అమెరికాలో ఇంట్లో స్పానిష్ మాట్లాడేవారు నాలుగు కోట్లకు పైగా ఉన్నారు, వారి కాల్స్ కొలంబియాకూ మెక్సికోకూ పోతాయి, అందులో మనకు పోటీ అన్న ప్రశ్నే లేదు. ఫ్రెంచి కాల్స్ మొరాకో, ట్యునీషియా, మడగాస్కర్‌లకు వెళతాయి. ఈజిప్టు అరబ్బీతో పాటు ఐరోపా భాషల్లోనూ పని తీసుకుంటోంది. పోలెండ్‌లోని క్రాకవ్ లాంటి నగరాలు ఖరీదైనవే అయినా, ఒకే భవనంలో జర్మన్, ఇటాలియన్, డచ్ భాషలు మాట్లాడేవారు దొరుకుతారు కనుక ఐరోపా కంపెనీలు అక్కడికి వెళతాయి. జమైకాలో ఇంగ్లిషే అధికార భాష, గడియారం శీతాకాలంలో న్యూయార్క్‌దే.

ఏ దేశానికైనా దాని గండాలు దానికి ఉంటాయి, కొనుగోలుదారు వాటి గురించి తప్పకుండా అడుగుతాడు. 2021 డిసెంబరులో తుపాను ఫిలిప్పీన్స్‌లోని సెబూ నగరాన్ని దెబ్బతీసినప్పుడు అక్కడ చాలా రోజులు కరెంటూ ఇంటర్నెట్టూ లేవు. 2023లో దక్షిణాఫ్రికా రోజుకు కొన్ని గంటల చొప్పున కరెంటు కోతలతో నడిచింది. 2025 అక్టోబరులో మెలిస్సా తుపాను జమైకా పశ్చిమ భాగాన్ని, అంటే కాల్ సెంటర్లు ఉన్న మాంటెగో బే వైపును అతలాకుతలం చేసింది. మన సంగతి దాచుకుంటే దాగదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి వెళ్లినప్పుడు, భవనం ఎత్తు మీద ఉన్న కంపెనీలకు కూడా ఉద్యోగులు రాలేకపోయారు. ఆ తర్వాత ఒక బ్రిటిష్ సంస్థ ప్రతినిధి నన్ను జీతాల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఉద్యోగుల ఇళ్లు ఏ కాలనీల్లో ఉన్నాయి, వాటిలో ఎన్ని ముంపు ప్రాంతంలో ఉన్నాయి, విజయవాడ ఆగితే గుంటూరులో అదే రోజు ఎన్ని సీట్లు మొదలుపెట్టగలరు అని మాత్రమే అడిగారు. కృష్ణకు రెండు వైపులా రెండు నగరాలు ఉండటం ఈ విషయంలో మనకు మేలైన సంగతి. కానీ ఏ పెట్టుబడి సదస్సు కరపత్రంలోనూ అది నాకు కనిపించలేదు.

చట్టాల సంగతి చాలామందికి విసుగు పుట్టిస్తుంది గానీ, ఎంపిక తరచుగా అక్కడే తేలిపోతుంది. అమెరికాలో పేదలకు వైద్యసహాయం అందించే మెడికెయిడ్ పథకం సమాచారం దేశం దాటకూడదని కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. ఆ పని ఎంత చౌకగా చేస్తామన్నా మనకు రాదు. భారత్‌కు గానీ, ఫిలిప్పీన్స్‌కు గానీ, దక్షిణాఫ్రికాకు గానీ వ్యక్తిగత సమాచార రక్షణ విషయంలో ఐరోపా సమాఖ్య గుర్తింపు లేదు కనుక, ప్రతి ఒప్పందంలోనూ ప్రత్యేక నిబంధనలు రాసుకోవలసి ఉంటుంది. ఫిలిప్పీన్స్ 2012లోనే సమాచార గోప్యత చట్టం చేసుకుంటే మనం 2023లో చేసుకున్నాం. మరోవైపు మన కేంద్ర ప్రభుత్వం 2020 నవంబరులో కాల్ సెంటర్లకు టెలికాం రిజిస్ట్రేషన్ అవసరాన్ని ఎత్తివేయడం, 2021 జూన్‌లో దేశీయ, అంతర్జాతీయ కేంద్రాలన్న తేడాను తొలగించడం చాలా మంచి పనులు. వాటివల్ల చిన్న పట్టణంలో చిన్న సంస్థ కూడా పగలు ఒక పని, సాయంత్రం ఒక పని పెట్టుకుని అదే సీటును రెండుసార్లు వాడుకోగలదు. ఇక 2025లో అమెరికా సెనేట్‌లో ప్రవేశపెట్టిన ఒక బిల్లు, ఫోన్ ఎత్తినవారు తాము ఏ దేశంలో ఉన్నారో చెప్పాలనీ, కస్టమర్ కోరితే అమెరికాలోని వారికి కాల్ బదిలీ చేయాలనీ ప్రతిపాదించింది. విదేశాలకు ఇచ్చే పనికి చెల్లించే సొమ్ము మీద ఇరవై అయిదు శాతం పన్ను వేయాలని మరో బిల్లు వచ్చింది. ఇటువంటి బిల్లులు గతంలోనూ వచ్చి ఆగిపోయాయి. అయినా అమెరికా వాయిస్ మీదే మొత్తం ఆధారపడే ఊరు ప్రతి ఎన్నికల సంవత్సరంలోనూ గుండెలు అరచేత పట్టుకుని కూర్చోవలసి వస్తుంది.

జీతం మీద నాకున్న అభ్యంతరం ఏమిటో లెక్కతో చెబుతాను. ఒక దేశంలో సీటు గంటకు 10 డాలర్లు, మరో దేశంలో 12 డాలర్లు అనుకుందాం. మొదటి చోట గంటలో అయిదుగురు కస్టమర్ల సమస్య తీరితే ఒక్కో సమస్యకు 2 డాలర్లు. రెండో చోట ఏడుగురి సమస్య తీరితే దాదాపు 1.71 డాలర్లు. చౌక అనుకున్నదే ఖరీదైంది. పైగా సమస్య తీరని కస్టమర్ మళ్లీ ఫోన్ చేస్తాడు, ఆ కాల్‌కూ డబ్బు చెల్లించాలి. గుంటూరు మిర్చి యార్డులో తేమ చూడకుండా ధర మాత్రమే చూసి టిక్కీలు (మిర్చి బస్తాలు) కొనే వ్యాపారి ఉండడు కదా, విదేశీ కంపెనీ మాత్రం అలా కొంటుందని మనమెందుకు అనుకోవాలి? 2003లో డెల్ తన కార్పొరేట్ కస్టమర్ల సాంకేతిక సహాయాన్ని బెంగళూరు నుంచి అమెరికాకు వెనక్కి తీసుకుంది. 2011లో బ్రిటన్‌లో శాంటాండర్ బ్యాంకు తన కాల్స్‌ను బెంగళూరు, పుణేల నుంచి స్వదేశానికి మళ్లించుకుంది. రెండు చోట్లా కారణం కస్టమర్ల అసంతృప్తే గానీ జీతం పెరగడం కాదు.

ఈ మధ్య కృత్రిమ మేధ వచ్చి కాల్ సెంటర్లను తుడిచిపెట్టేస్తుందని మీ పత్రికలోనూ రాస్తున్నారు. 2024లో క్లార్నా అనే స్వీడన్ సంస్థ తన యంత్ర సహాయకుడు ఏడు వందల మంది ఉద్యోగుల పని చేస్తోందని ప్రకటించింది, మరుసటి ఏడాది కస్టమర్ సేవకు మళ్లీ మనుషులను తీసుకోవడం మొదలుపెట్టింది. నాకు కనిపిస్తున్నదేమిటంటే, బ్యాలెన్స్ ఎంత, పార్సిల్ ఎక్కడ అన్న తేలిక కాల్స్ యంత్రానికి పోతున్నాయి. మనిషి దగ్గరికి చేరేవి కోపంతో ఉన్నవారివి, చిక్కుపడిన కేసులవి, నిబంధనల్లో ఎక్కడా రాయని సందర్భాలవి. వాటిని పరిష్కరించడానికి ఆ దేశపు జీవితం తెలిసి ఉండాలి. యాసను అప్పటికప్పుడు మార్చి వినిపించే సాఫ్ట్‌వేర్ కూడా వచ్చింది కనుక, పగలు వెంకటేశ్వరరావుగా ఉన్నవాడు రాత్రి విక్టర్ అయ్యే ముచ్చటకు కూడా కాలం చెల్లినట్టే. అది పోయినందుకు నేనైతే సంతోషిస్తాను.

ఇదంతా చెప్పింది మనం ఈ రంగాన్ని వదిలేయాలని కాదు. అమెరికా రాత్రి వాయిస్ కోసం మనీలాతో జీతాల వేలంపాటకు దిగడం మానుకోవాలని మాత్రమే. గుంటూరు, తెనాలి, నరసరావుపేట కళాశాలల నుంచి ఫార్మసీ, జీవశాస్త్రాలు చదివి బయటకు వచ్చేవారు మెడికల్ కోడింగ్ ఉద్యోగాల కోసం హైదరాబాద్‌కూ చెన్నైకీ వెళ్తున్నారు. ఆసుపత్రి రికార్డు చదివి దానికి సరైన కోడ్ వేసే ఆ పనికి యాసతో నిమిత్తం లేదు, అమెరికా గడియారంతో పెద్దగా నిమిత్తం లేదు. దాన్ని మంగళగిరిలోనే చేయవచ్చు. బ్రిటన్, ఐర్లండ్ దేశాల మధ్యాహ్నపు షిఫ్టు మన కుటుంబాలకు సరిపోతుంది. గల్ఫ్ దేశాల ఇంగ్లిష్ కాల్స్ మనకు దాదాపు పగటి పని. అన్నిటికంటే ముందు, బ్యాంకులు, బీమా, టెలికాం సంస్థల తెలుగు కాల్స్ ఇంకా ఎక్కువ భాగం బయటి నగరాల నుంచి నడుస్తున్నాయి. శ్రీకాకుళం రైతు మాటనూ, చిత్తూరు గృహిణి మాటనూ ఒకేలా అర్థం చేసుకోగల మనుషులు ఇక్కడ ఉన్నంతగా మరెక్కడ ఉంటారు? ఆ పనిలో డాలర్లు రావు, మార్జిన్ తక్కువ. నాకు ఆ సంగతి తెలుసు. కానీ ఏ అమెరికా బిల్లూ దాన్ని ఆపజాలదు.

గతంలో కేంద్రం చిన్న పట్టణాల్లో బీపీఓల (బయటి సంస్థల పనులు చేసిపెట్టే కేంద్రాల) కోసం 493 కోట్ల రూపాయలతో 48,300 సీట్ల పథకం పెట్టి, సీటుకు లక్ష రూపాయల వరకు సహాయం ఇచ్చింది. ఉద్దేశం మంచిదే గానీ, సీట్ల సంఖ్య ప్రకటనల్లో కనిపించినంతగా ఆ సీట్లో కూర్చునేవారు ఏ దేశపు కస్టమర్‌తో, ఏ వేళలో మాట్లాడతారన్న వివరం కనిపించలేదు. ఇకముందు గన్నవరంలోనో మంగళగిరిలోనో ఇన్ని వేల కాల్ సెంటర్ ఉద్యోగాలని ఎవరైనా ప్రకటించినప్పుడు, మీ విలేకరులు ఆ సంఖ్యతో సరిపెట్టుకోకుండా కస్టమర్లు ఏ దేశస్థులు, షిఫ్టు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుంది, పని వాయిస్‌దా కాదా, ఒప్పందం ఎన్నేళ్లకు అన్న నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను వార్తలోనే ప్రచురించాలని కోరుతున్నాను. తమ అమ్మాయిని ఆ ఉద్యోగానికి పంపాలా వద్దా అని పొన్నూరులోనో సత్తెనపల్లిలోనో ఆలోచిస్తున్న తల్లిదండ్రులకు కూడా ముందుగా తెలియవలసినవి అవే.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు